హృదయమునకు పూచీపడు విద్య



 స్నాతకోపన్యాసకుడు సర్వశాస్త్రములను స్పృశించి, దేనియందును నిలువక, ఆశీర్వచనముతో ముగించుట వాడుక. ఆ వాడుకను కొంత అతిక్రమించి, హృదయపరిశోధనయందు నేడు డాక్టరు పట్టము పొందుచున్న యువవిద్వాంసులారా, మీ విద్యను గూర్చియే ప్రసంగింపదలచితిని. ఏలయన, వైద్యము, ఇంజనీరింగు, పరిశ్రమస్థాపనము అను మూడును ఒక్కచో కలియక తప్పని విద్య అది, ఆ కలయికలోని ధర్మసంకటములు తక్కిన విద్యలకును వర్తించును.

మానవహృదయము దినమునకు సుమారు లక్షసార్లు, సంవత్సరమునకు సుమారు నాలుగు కోట్లసార్లు స్పందించును. బాల్యమున గొంతునొప్పితో మొదలిడి రుమాటిక్ జ్వరముగా పరిణమించిన వ్యాధి గుండె కవాటముల రేకులను గట్టిపఱచి వికలము గావించినపుడు, పెక్కుమంది రోగులకు కృత్రిమకవాటమే శరణ్యమగును. అట్టి కవాటమును నిర్మింపబూనినవాడు రక్తమెచ్చట గడ్డకట్టునో వైద్యుని వలనను, లోహమెన్ని కోట్ల దెబ్బలకు అలసి విరుగునో ఇంజనీరు వలనను, ఆ వస్తువు పేదవానికి అందు ధరకు ఎట్లు తయారగునో పరిశ్రమ నడపువాని వలనను నేర్చుకొనవలయును.

1958లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరమున లోవెల్ ఎడ్వర్డ్స్ అను వయోవృద్ధుడగు ఇంజనీరు, ఆల్బర్ట్ స్టార్ అను యువ శస్త్రవైద్యుని కడకేగి, మనమిరువురము కలిసి కృత్రిమహృదయమునే నిర్మింతమని ప్రతిపాదించెను. స్టార్ ఆ మహాశయమును తిరస్కరింపక, ముందు ఒక్క కవాటముతో ఆరంభింతమని దానికొక హద్దు గీసెను. 1960లో వారి బంతికవాటము రోగిహృదయమున నిలిచి పనిచేసినది. ఇంజనీరు ఆశకు వైద్యుడు ఎల్లనేర్పఱచుట, ఆ ఎల్లను ఇంజనీరు చిన్నతనముగా భావింపక శిరసావహించుట: ఈ రెండును లేనిదే ఆ కవాటము లేదు.

మన దేశమున ఇట్టి సాధన తిరువనంతపురములోని శ్రీచిత్ర తిరునాళ్ సంస్థలో జరిగెను. దిగుమతియైన కవాటముల వెల సామాన్యులకు భరింపరానిదై యుండగా, శస్త్రవైద్యుడగు డాక్టర్ వలియత్తాన్, ఇంజనీరగు భువనేశ్వర్, వారి సహచరులును 1970ల చివర స్వదేశీ కవాటనిర్మాణమునకు పూనుకొనిరి. మొదటి నమూనాలో లోహపు అతుకు విఱిగెను. తరువాతిదానిలో ఊతకమ్మి అరిగెను. మఱియొకదానిలో కృత్రిమ నీలమణితో చేసిన బిళ్ళ పగిలెను. మూడు నమూనాలును అట్లు విఫలము కాగా, ఒకే లోహపుదిమ్మెనుండి అతుకులేకుండ చెక్కిన చట్రమును, పాలిథిలీన్ బిళ్ళను కూర్చి నాలుగవదానిని నిర్మించి, యంత్రములపై కోట్లకొలదిసార్లు ఆడించి, గొఱ్ఱెలయందు పరీక్షించి, 1990 డిసెంబరులో గాని మనుష్యహృదయమున అమర్పరైరి. పిమ్మట టి.టి.కె. సంస్థ దాని ఉత్పత్తిని చేపట్టగా, నేటికి లక్షకు పైబడిన రోగులకు ఆ కవాటము ప్రాణాధారమైనది.

దీని ప్రక్కన మఱియొక చరిత్రను నిలిపి చూడుడు. బ్యోర్క్-షైలీ అను ప్రసిద్ధ కవాటము యొక్క పుటాకార-కుంభాకార నమూనా ప్రపంచమంతటను సుమారు 86 వేలమంది రోగుల హృదయములందు అమర్పబడెను. అందులోను విఱిగినది అతుకే. కాని ఆ విఱుగుట ప్రయోగశాలలో గాక రోగుల వక్షస్థలములందు జరిగెను. విఱిగిన ఉదంతములు ఒకటొకటిగా వెలువడుచున్నను 1986 వఱకు దాని విక్రయము పూర్తిగ నిలువలేదు. వందలకొలది కవాటములు విఱిగినవి, వానివలన పెక్కుమంది మరణించిరి. ఈ రెండు గాథల పాత్రధారుల మేధాసంపదయందు తారతమ్యమేమియు లేదు. విఱిగిన అతుకును చూచి ఒకరు ఆగిరి, వేఱొకరు సాగిరి. తారతమ్యమెల్ల అందే యున్నది. కావున పరిశ్రమస్థాపకునకు సాహసమే ప్రధానగుణమని నిత్యము వినవచ్చుచున్న మాటను, హృదయవిద్యకు సంబంధించినంతవఱకు, నేను అంగీకరింపజాలను. ఇచ్చట ప్రధానగుణము సకాలమున ఆగగలుగుట.

ఈ గుణము ఉపన్యాసములచే అలవడునది కాదు. శిక్షణపద్ధతియందే దానికి చోటు కల్పింపవలయును. మద్రాసు ఐ.ఐ.టి., వేలూరు క్రైస్తవ వైద్యకళాశాల, శ్రీచిత్ర సంస్థ ఉమ్మడిగా క్లినికల్ ఇంజనీరింగు బోధించుట, హైదరాబాదు ఐ.ఐ.టి. ఆరోగ్యరంగ పరిశ్రమస్థాపనకై ప్రత్యేక కేంద్రము నెలకొల్పుట శుభసూచకములు. క్షిపణిశాస్త్రజ్ఞుడగు అబ్దుల్ కలాం, హృద్రోగవైద్యుడగు సోమరాజు చేయికలిపి 1990లలో హైదరాబాదున రూపొందించిన స్టెంటు, అట్టి మైత్రికి మన తెలుగునాటి నిదర్శనము. అయినను ఒక్కచో కూర్చుండబెట్టుట మాత్రముచే విద్యలు కలియవు. ఇంజనీరగు పరిశోధకుడు శస్త్రచికిత్సాగారమున నిలిచి రక్తస్రావమును చూడవలయును; వైద్యుడగు పరిశోధకుడు విఱిగిన లోహపుతునకను సూక్ష్మదర్శినిక్రింద తానే పరిశీలింపవలయును; ఇరువురును ధరను కడపట అంటించు చీటిగా గాక, నమూనా గీయునాడే పాటింపవలసిన నియమముగా ఎంచుట నేర్వవలయును. ప్రతి సిద్ధాంతవ్యాసమునందును విఫలమైన ప్రయోగములకొక ప్రకరణము తప్పనిసరి కావలయునని ఆచార్యులకు సవినయముగ మనవి చేయుచున్నాను. జయములను మాత్రమే గ్రంథస్థము చేయనేర్చిన శిష్యుడు, ఱేపు సంస్థాధిపతియైనపుడు, అపజయమును దాచుటయే సహజమని తలచును.

యువవిద్వాంసులారా! మీలో కొందఱు ఆస్పత్రులలో, కొందఱు ప్రయోగశాలలలో ప్రవేశింతురు. కొందఱు సొంత సంస్థలు స్థాపింతురు. మదుపు పెట్టినవాడు త్వరపెట్టును, పోటీదారుడు ముందుకేగును, పత్రికలు ప్రశంసించును. ఇవన్నియు మిమ్ము తొందరపెట్టు శక్తులే, ఆపు శక్తి ఒక్కటియు వెలుపలనుండి రాదు. మీరు స్థాపించు సంస్థలో మొదటి ఉద్యోగము అమ్మకముల అధికారికి ఇయ్యకుడు. పరీక్షలో దోషము కనిపించిననాడు మీ మాటను సైతము త్రోసిపుచ్చి, పని ఆపింపగల అధికారమును ఒకనికి వ్రాతపూర్వకముగా ఒసగి, అటుపిమ్మట వ్యాపారమునకు ఉపక్రమింపుడు. నేడు మీరు పొందిన పట్టము మీ జ్ఞానమునకు ప్రమాణపత్రము మాత్రమే. మీరు నిర్మింపబోవు వస్తువునకు పూచీ మీ నడవడియే. ఆ నడవడి మీయందు స్థిరమగుగాక, మీ విద్య లోకమునకు ఆయుష్కరమగుగాక అని మనసార ఆశీర్వదించుచున్నాను.