కందెన కోరని కీలు



ఎడ్లబండితో పరిచయము గలవారికి ఇరుసును గూర్చి నేను చెప్పవలసినది లేదు. చక్రపు కుండలోని ఇనుప గొట్టము అరిగినచో చక్రము అటునిటు ఊగుననియు, కందెన ఎండిన బండి ఊరి పొలిమేర దాటకముందే వినబడుననియు మీరెఱుగుదురు. కందెన వేయని బండికి కావలసినంత సంగీతమను సామెత మీ వీథులలో పుట్టినదే. నేడు ఆ బండి నిలిచిన తావున పలు ఇండ్ల ముందు చిన్న కారు నిలిచియున్నది. కొంతకాలమునకు అదియు పాడ నారంభించును. అయితే దాని పాటకు మందు కందెన కాదు. కందెనయే దానికి విషము. ఈ విషయమును, దీనిని వెన్నంటియున్న మఱియొక విషయమును మనవి చేయుటకే ఈ కొలది నిమిషములు వినియోగింతును.

హైదరాబాదులో మధురానగరమనునది జూబిలీహిల్సు కొండనేలకు దిగువనున్న పేట. చెక్‌పోస్టు నుండి వెంకటగిరి, కృష్ణానగరము, యూసుఫ్‌గూడల మీదుగా ఇచ్చటికి దిగిరావలెను. చలనచిత్ర పరిశ్రమను నమ్మి బ్రదుకువారు పెక్కుమంది ఈ చుట్టుపట్ల కాపురముందురు. తెల్లవాఱకముందే ఫిలింనగరు వైపు ఎక్కి, ప్రొద్దుపోయిన పిదప దిగివచ్చు వారి వాహనములలో పాత మారుతి 800 బండ్లు నేటికిని అక్కడక్కడ కానవచ్చును. 1983 డిసెంబరు 14వ తేదీన ఇందిరాగాంధీగారు తొలి బండి తాళపుచెవిని కొనుగోలుదారునకు అందించిరి. 2014 జనవరిలో దాని తయారీ నిలిచిపోయినది. పట్టణమున ఒకరు వాడి విడిచినది పల్లెలో మఱియొకరి యింటికి చేరుచుండును గనుక మీలో ననేకులకు ఇది ఎఱిగిన బండియే. దానినే ఉదాహరణముగా గైకొందును.

దిగుడు త్రోవలో మాటిమాటికి బ్రేకు తొక్కవలసివచ్చును. తొక్కిన ప్రతిసారి నేల ముందు చక్రమును వెనుకకు లాగును. బండి బరువు ముందుకు త్రోయును. ఈ రెంటి నడుమ నలుగునవి ముందు చక్రముల కీళ్లలోని రబ్బరు బుష్షులు. వీథివీథికి నున్న స్పీడుబ్రేకర్లు, వేసవి యెండ, కారుచున్న ఇంజను నూనె, ఇవన్నియు వానికి శత్రువులే. పల్లెలో కొండలు లేకపోవచ్చును గాని గుంతలకు కొదువ లేదు.

చక్రమును కారు శరీరమునకు కలుపు ఇనుప బాహువొకటి క్రింద నుండును. మెకానిక్కులు దానిని లోయర్ ఆర్మ్ అందురు. దాని వెలుపలి కొన బాల్ జాయింటు ద్వారా చక్రమును పట్టుకొనును. లోపలి కొన ఒక బోల్టుతో చట్రమునకు తగిలి, తలుపు బందువలె మీదికి క్రిందికి ఆడును. ఆ బందులో నుండునది ఒక బుష్షు. ఇదిగాక ఇరుప్రక్కల బాహువులను కలుపుచు ముందునుండి వంగివచ్చు కడ్డీ కలదు. మారుతి 800లో ఆ కడ్డీ రెండు పనులు చేయును. మలుపులో బండిని ఒరుగనీయదు. బ్రేకు తొక్కినపుడు బాహువును వెనుకకు పోనీయదు. దాని కొనలయందును రబ్బరు బుష్షులే. నిలువు షాకబ్జర్‌తో కూడిన ఇట్టి యేర్పాటునకు అమెరికా దేశపు ఇంజనీరు ఎర్ల్ మెక్‌ఫర్సన్ పేరు నిలిచినది. 1950లో ఇంగ్లండున వెలువడిన ఫోర్డు కార్ల వలన అది లోకమునకు పరిచితమైనది.

ఇక బుష్షు ననగా నేమి? లోపల ఒక ఇనుప గొట్టము, వెలుపల ఒక ఇనుప గొట్టము, నడుమ రబ్బరు. బోల్టు బిగించినంతనే లోపలి గొట్టము చట్రమునకు కదలకుండ అంటుకొనును. వెలుపలి గొట్టము బాహువు కంటిలో బిగువుగా కూర్చుండును. బాహువు ఆడునపుడు ఏదియు దేనిమీదను జాఱదు. రబ్బరే మెలిపడి, మఱల తన పూర్వరూపమునకు వచ్చును. రథాంగములకు నాభి, అరము, నేమి, అక్షము, ఆణి అని సంస్కృతమున పేర్లు కలవు గాని, మెలిపడి పనిచేయు ఈ కీలునకు పేరు లేదు. వస్తువే లేనపుడు పేరెక్కడిది? రబ్బరును గంధకముతో కాచి గట్టిపఱచు విద్యను ఛార్లెస్ గుడ్‌యియరు 1839లో కనుగొనిన పిదపనే ఇట్టివి సాధ్యమైనవి. కావున దీనిని బుష్షనియే పిలుతము. మెకానిక్కుతో తత్సమములాడిన పని జరుగదు.

జాఱుట లేనిచోట కందెనకు పనియేమి? పైగా ఖనిజతైలముతో చేసిన గ్రీజు స్వాభావికమైన రబ్బరును ఉబ్బించి మెత్తపఱచి చెఱచును. ఇంజను నూనె చుక్కచుక్కగా పడినను ఇదే గతి. 2014 వఱకు తయారైన అంబాసిడరు కారు ముందుభాగమున గ్రీజు ఎక్కించవలసిన కీళ్లుండెడివి. ఆ బండితో వృద్ధులైన డ్రైవర్లు గ్రీజుగన్ను చేతబట్టి, చిన్న కారు బుష్షులకు గూడ భక్తితో పూయుట కలదు. వారి భక్తిని తప్పుపట్టను. దేవత మాఱినది గనుక నైవేద్యము మాఱవలెను.

బుష్షు పోయినదని ఎట్లు తెలియును? మెల్లగా పోవుచు గుంత దిగినపుడు ముందుభాగమున టక్కుమని వినబడును. బ్రేకు తొక్కినపుడు బండి ఒక ప్రక్కకు లాగును. టైరు ఒక అంచున త్వరగా అరుగును. ఇందు రెండవది ఉపేక్షింపదగినది కాదు. పల్లెలో కారు విలాసవస్తువు కాదు. అర్ధరాత్రమున కాన్పు కేసును పట్టణము చేర్చునది అదియే. ఎదుట లారీ వచ్చునపుడు తొక్కిన బ్రేకు బండిని దాని వైపునకు త్రిప్పినచో ఏమగునో వేఱుగ చెప్పనక్కఱలేదు.

అయినను ప్రతి చప్పుడును బుష్షుది కాదు. బండిని ఎత్తి, చక్రమును మీదను క్రిందను పట్టి ఊపునపుడు ఆడినచో బాల్ జాయింటునో చక్రపు బేరింగునో అనుమానింపవలెను. కుడియెడమల పట్టి ఊపునపుడు ఆడినచో స్టీరింగు కడ్డీ కొనను చూడవలెను. ఇవి గట్టిగానుండి, బాహువునకును చట్రమునకును నడుమ ఇనుప కమ్మిని దూర్చి మెల్లగా మీటినపుడు బాహువు ధారాళముగా కదలినచో, లేదా రబ్బరు చీలి కనబడినచో, అపరాధి బుష్షే. మా పొరుగున నున్న ఒకరి బండికి ఇట్టి పరీక్ష లేకుండనే ఒక కార్ఖానాలో షాకబ్జర్లు రెండును మార్చి పంపిరి. సొమ్ము అక్కడ నిలిచినది. చప్పుడు మాత్రము ఇంటికి వెంటవచ్చినది.

ఇంటివద్ద ఈ పని చేసికొనదలచినవారికి మొదట ప్రాణరక్షణ. ఆ కారు బరువు సుమారు 650 కిలోలు, అనగా 75 కిలోల వడ్లబస్తాలు తొమ్మిదికి కొంచెము తక్కువ. మట్టినేల పనికిరాదు, చదునైన సిమెంటు నేల కావలెను. వెనుక చక్రములకు ముందును వెనుకను అడ్డురాళ్లు పెట్టి, చేతిబ్రేకు వేసి, చక్రపు నట్లను బండి నేలపై నుండగానే కొంచెము వదులు చేయవలెను. పిదప జాకీతో ఎత్తి, చట్రము క్రింద బలమైన తావున ఇనుప స్టాండ్లు రెండు నిలిపి, బండిని వానిపైకి దింపవలెను. జాకీ ఎత్తుటకే గాని మోయుటకు కాదు. ఇటుకలు, బోలు సిమెంటు దిమ్మలు కూడవు. అవి చెప్పి విరుగవు. ఊడదీసిన చక్రములను గూడ చట్రము క్రిందికి త్రోసియుంచుడు, అదియొక కాపలా. స్టాండ్లు లేనివారు ఈ పనికి పూనుకొనరాదని నా దృఢాభిప్రాయము. కుఱ్ఱవాండ్రు వినరు గనుక పెద్దలు దగ్గఱ నిలిచి వినిపింపవలెను.

ముందు చక్రములు రెంటిని ఒక్కసారిగా ఎత్తుటకు కారణము కలదు. ఒక ప్రక్కనే ఎత్తినచో వంపు కడ్డీ మెలిపడి, దాని కొన బాహువునుండి రాక మొండికేయును. వచ్చినపుడు చేతిని కొట్టును. కడ్డీ కొననున్న గంట్ల నట్టునకు చీలు పిన్ను ఉండును. దానిని తీసి పాఱవేయుడు. తిరిగి పెట్టునపుడు క్రొత్తది. తర్వాత బాల్ జాయింటు కాడను పట్టియున్న బోల్టును తీసి, బాహువును మెల్లగా క్రిందికి మీటవలెను; కీలుమీది రబ్బరు టోపీ చిరుగరాదు. చివరకు లోపలి బోల్టు తీసినచో బాహువు చేతికి వచ్చును. త్రుప్పుపట్టిన బోల్టులకు ముందునాటి రాత్రియే త్రుప్పు వదలించు నూనె పట్టించి, రబ్బరుపై పడినదానిని తుడువవలెను.

పాత బుష్షు ఎంత లోతున ఎట్లు కూర్చున్నదో గుఱుతు పెట్టుకొనుడు. బెంచి వైసులో ఒకవైపు బుష్షు పట్టునంత పెద్ద సాకెట్టును, రెండవవైపు కంటిలో దూఱునంత చిన్న సాకెట్టును ఉంచి బిగించుచు పోయినచో చిన్నది త్రోయును, పెద్దది స్వీకరించును. సుత్తితో బాదినచో రేకుతో చేసిన బాహువు వంగును. కదలనిచో ఱంపపు బ్లేడుతో వెలుపలి గొట్టమును లోపలినుండి చీల్చవచ్చును, కంటి గోడకు గాటు పడనీయక. కొందఱు గ్యాసు మంటతో రబ్బరును కాల్చివేయుదురు. ఆ పొగ పీల్చినవానికి హాని. ఆ వేడి బాహువునకు హాని. సమీపమున లేతు షాపులో ప్రెస్సు ఉన్నచో బాహువును అచ్చటికి తీసికొనిపోవుటయే ఉత్తమము. అది చిన్న పని. బయటికి వచ్చిన బుష్షును పరీక్షింపుడు. రబ్బరు జిడ్డుగా ఉబ్బియున్నచో నూనె పైనుండి కారుచున్నదని తెలిసికొని, ముందు దానిని మాన్పవలెను. లేనిచో క్రొత్తదానికిని అదే ఆయువు.

క్రొత్తదానిని ఎక్కించుటకు ముందు కంటిని ఉప్పుకాగితముతో శుభ్రపఱచి, సబ్బునీరు పూయుడు. సబ్బునీరు పని తీర్చి ఎండిపోవును, గ్రీజువలె కాపురముండదు. త్రోయునపుడు బలము వెలుపలి గొట్టము అంచుపైననే పడవలెను. రెండు ప్రక్కలను ఒకేసారి మార్చుటయే న్యాయము. ఒకటి మాత్రమే మార్చినచో బ్రేకున రెండు చక్రములును ఒకే తీరున నిలువవు.

ఇప్పుడు నేను మొదట సూచించిన రెండవ విషయము. విడిచిన వరుసకు వెనుకటి వరుసలో అన్నియు తొడిగి, లోపలి బోల్టును వ్రేళ్లతో తిరుగునంతవఱకే త్రిప్పి ఆపుడు. బండి స్టాండ్లపై నున్నంతసేపు బాహువు క్రిందికి వ్రేలాడుచుండును. ఆ స్థితిలో పూర్తిగా బిగించినచో లోపలి గొట్టము ఆ కోణముననే అంటుకొనును. చక్రములు నేలను తాకి బాహువు మీదికి లేచినపుడు, బండి ఊరక నిలిచియున్నను రబ్బరు మెలిపడియే యుండును. మెడ ఒకవైపునకు త్రిప్పి రాత్రియంతయు నిద్రించినవాని గతి దానిది. గుంతలో మఱియింత మెలిపడి, కొలదికాలములోనే చిరుగును. అపుడు సరకు మంచిది కాదని అంగడివానిని తిట్టుదురు. కావున బాహువు తన సహజస్థితిలో నుండగా బిగించవలెను. బాల్ జాయింటు ఉన్న కొన క్రింద రెండవ జాకీ పెట్టి, చట్రము స్టాండునుండి లేచీలేవనట్లగువఱకు మెల్లగా ఎత్తుడు. అపుడు బండి బరువు బాహువుపైకి వచ్చినట్లే. అప్పుడు కంపెనీవారి మరమ్మతు పుస్తకములో చెప్పిన బిగువునకు టార్క్ పానాతో బిగింపుడు. పని ఇతరులచేత చేయించువారు గూడ ఈ యొక్క ఘట్టమున దగ్గఱ నిలిచి చూచుట మంచిది. తొందరలో నున్న మెకానిక్కు తఱచుగా విడిచిపెట్టునది ఇదియే.

పాలీయురితేనుతో చేసిన బుష్షులును విక్రయింతురు. వానిలో పెక్కు జాఱి పనిచేయును గనుక వానికి తగిన ప్రత్యేకమైన గ్రీజు కావలెను; ఇప్పుడు చెప్పిన నియమములు వానికి చెల్లవు. సామాన్య ప్రయాణమునకు రబ్బరే చాలును.

చక్రములు తగిలించి, బండిని దింపి, చక్రపు నట్లను ఎదురెదురుగా బిగించి, జనసంచారము లేని త్రోవలో మెల్లగా నడుపుచు బ్రేకు పరీక్షింపుడు. తర్వాత పట్టణమున వీల్ అలైన్‌మెంటు చూపించవలెను. క్రొత్త బుష్షులతో చక్రముల వాలు కొంచెము మాఱును. వంద కిలోమీటర్లు నడచిన పిదప బోల్టుల బిగువును, చీలు పిన్నులను ఒకసారి చూడుడు. అప్పటికిని టక్కుమనుట మానకున్నచో, వంపు కడ్డీని చట్రమునకు పట్టియుంచు బిగింపుల క్రింది రబ్బరులను చూడవలెను. అవియు పాత బుష్షుల ఈడువే.