ఒకే ఒక్క సభ్యుడు: లక్షద్వీప్ ఎన్నికల చరిత్ర మనకు చెప్పేది
(ప్రసంగ పాఠం)





చట్టసభలలో ముస్లింల ప్రాతినిధ్యం గురించి మాట్లాడమని నిర్వాహకులు నన్ను ఆదేశించారు. ఈ అంశంపై మాట్లాడేవారు ఒక లెక్కతో మొదలుపెట్టడం ఆనవాయితీ. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో మనం 14 శాతానికి కాస్త పైన ఉన్నాం. 2024లో ఏర్పడిన లోక్‌సభలో 543 మందికి గాను ముస్లిం సభ్యులు 24 మంది. ఆ లెక్క మీకు కంఠస్థమే. అది సరిపోయినట్లయితే సమస్యలన్నీ తీరిపోతాయన్న భావన మనలో చాలామందికి ఉన్నది. ఆ భావనను ఈ రోజు కొంచెం పరీక్షించాలని నా ఉద్దేశం. అందుకు మిమ్మల్ని అరేబియా సముద్రంలోనికి తీసుకొనిపోతాను.

జనాభాలో 96 శాతానికి పైగా ముస్లింలే గల లోక్‌సభ నియోజకవర్గం ఒకటున్నది. అక్కడ ఎన్నికలు మొదలైన నాటి నుండి నేటి వరకు ముస్లిం తప్ప మరొకరు గెలవలేదు. ఆ నియోజకవర్గమే లక్షద్వీప్. 36 దీవులు, అందులో జనం నివసించేవి 10. మొత్తం భూభాగం 32 చదరపు కిలోమీటర్లు. 2011లో జనాభా 64,473. ఓటర్ల సంఖ్యను బట్టి దేశంలోకెల్లా చిన్న లోక్‌సభ స్థానం ఇదే. అన్నింటికంటే పెద్దది మన మల్కాజిగిరి. 2019లో మల్కాజిగిరి ఓటర్లు 31 లక్షలకు పైబడగా, లక్షద్వీప్ ఓటర్లు 55 వేల చిల్లర. అనగా అక్కడి ఒక్క ఓటు మన మల్కాజిగిరి ఓట్లు యాభైకి మించి తూగుతుందన్నమాట. ఇంతకంటే బలమైన ఓటు ఏ ముస్లిం చేతిలోనూ లేదు. ఆ ఓటుతో వారేమి సాధించగలిగారు, ఏది సాధించలేకపోయారు అన్నదే నా ప్రసంగ విషయం.

ఆ దీవులు మనకు పూర్తిగా పరాయివి కావు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేవరకు కోస్తా, రాయలసీమ ప్రజలూ ఆ దీవులవారూ ఒకే మద్రాసు రాష్ట్రంలో ఉన్నవారే. లక్కదీవులు, మినికాయ్ మలబారు జిల్లాలో, అమీన్‌దీవులు దక్షిణ కెనరా జిల్లాలో ఉండేవి. 1956 నవంబరు 1న, ఆంధ్రప్రదేశ్ అవతరించిన రోజునే, అవి కేంద్రపాలిత ప్రాంతమైనాయి. మనకు శాసనసభ వచ్చింది. వారికి పాలనాధికారి వచ్చాడు. ఆ తేడాను గుర్తుంచుకోండి. మళ్లీ దాని వద్దకే వస్తాను.

మొదటి పదేళ్లు దీవులవారికి లోక్‌సభకు ఓటు వేసే అవకాశమే లేదు. వారి పక్షాన కె. నల్లకోయ తంగళ్‌ను రాష్ట్రపతి నామినేట్ చేశారు. పాలన కేంద్రం సైతం 1964 వరకు దీవులలో లేదు, కోజికోడ్‌లో ఉండేది. 1967లో తొలిసారిగా ఎన్నిక జరిగింది. అండ్రోత్ దీవికి చెందిన పి.ఎం. సయీద్ స్వతంత్ర అభ్యర్థిగా నిలిచి గెలిచారు. అప్పటికి ఆయన వయస్సు 25 ఏళ్లు, అంటే లోక్‌సభకు పోటీ చేయడానికి రాజ్యాంగం విధించిన కనీస వయస్సు. అటు తరువాత కాంగ్రెస్‌లో చేరి, 1971లో పోటీయే లేకుండా ఎన్నికైనారు. 1977లో ఉత్తర భారతమంతటా కాంగ్రెస్ తుడిచిపెట్టుకుపోయినప్పుడు సైతం దీవులు ఆయనను వదలలేదు. 1967 నుండి 1999 వరకు వరుసగా పది ఎన్నికలు ఆయనవే. కేంద్రంలో హోం శాఖ సహాయ మంత్రిగా పనిచేశారు. 1998 నుండి 2004 వరకు లోక్‌సభ ఉపసభాపతి స్థానంలో కూర్చున్నారు.

ఇది గర్వించదగిన చరిత్రే. అయితే ఒకే వ్యక్తి ముప్పై ఏడేళ్లు ప్రతినిధిగా ఉన్నచోట రాజకీయం ఏ రూపు దాలుస్తుందో కూడా చూడాలి. పార్టీ సిద్ధాంతాలు వెనుకకు పోయి, సయీద్ వర్గమా, ఎదుటి వర్గమా అన్నదే ప్రశ్నగా మిగిలింది. చుట్టరికాలు, ఏ దీవివాడన్న లెక్కలు ఓటును నడిపించాయి. మన పట్టణాలలోని పాత మహల్లాలు ఎరిగినవారికి నేను విడమరచి చెప్పవలసిన పని లేదు.

2004లో సయీద్ ఓడిపోయారు. ఎన్ని ఓట్లతోనో తెలుసునా? 71 ఓట్లతో. గెలిచినవారు డాక్టర్ పి. పూకున్హి కోయ. ఆయన పార్టీ జనతాదళ్ (యు), అంటే అప్పటి ఎన్డీఏ భాగస్వామి. ముస్లింలు గంపగుత్తగా ఒకే వైపు ఓటు వేస్తారని పత్రికలలో వ్రాసేవారు ఈ ఒక్క ఫలితాన్ని చదివితే చాలు. అక్కడ ప్రజలు వ్యక్తినీ వర్గాన్నీ చూశారు. ఢిల్లీలో ఎవరు ఎవరితో ఉన్నారన్నది పట్టించుకోలేదు. అది సరైనదా కాదా అన్న తీర్పు మీకే వదలివేస్తున్నాను.

2009లో సయీద్ కుమారుడు హమ్దుల్లా సయీద్ రెండు వేల పైచిలుకు ఆధిక్యంతో ఆ స్థానాన్ని తిరిగి తెచ్చుకున్నారు. ఆ లోక్‌సభలో అందరికంటే చిన్నవాడు ఆయనే. 2014లో ఎన్సీపీకి చెందిన మహమ్మద్ ఫైజల్ 1,535 ఓట్లతో ఆయనను ఓడించారు. 2019లో మళ్లీ ఫైజలే, ఆధిక్యం 823. ఈ ఎన్నికలలో ఏ ఒక్కదానిలోనూ పోలింగ్ 84 శాతానికి తగ్గలేదు. బిత్రా అనే దీవిలో 2011 నాటికి ఉన్న జనం 271 మంది మాత్రమే. అక్కడికీ సముద్రం దాటి ఓటింగ్ యంత్రం వెళుతుంది. ఇంకొక ముచ్చట: అది షెడ్యూల్డ్ తెగలకు రిజర్వు చేసిన స్థానం. దీవుల ముస్లింలు దాదాపు అందరూ షెడ్యూల్డ్ తెగలవారే. తెగల జాబితాకు మతపు ఆంక్ష లేదు గనుక వారికది దక్కింది. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులోని మూడవ పేరా మాత్రం హిందువులు, సిక్కులు, బౌద్ధులు తప్ప ఇతరులను ఆ జాబితాలోనికి రానివ్వదు. ముస్లింలు గణనీయంగా ఉన్న స్థానాలను షెడ్యూల్డ్ కులాలకు రిజర్వు చేయడం వల్ల వారు పోటీకే దూరమవుతున్నారని సచార్ కమిటీ 2006లో ఎత్తిచూపింది. ఒకే రాజ్యాంగం క్రింద రెండు జాబితాలు. ఒకటి మనకు తలుపు తీసింది, రెండవది మూసింది.

ఇక అసలు విషయానికి వస్తాను.

2020 డిసెంబరులో ప్రఫుల్ ఖోడా పటేల్ దీవుల పాలనాధికారిగా వచ్చారు. కొద్ది నెలలలోనే ముసాయిదాలు వరుసగా వెలువడినాయి. అభివృద్ధి ప్రాధికార సంస్థ పేరిట ఏ భూమినైనా ప్రణాళికలోనికి తీసుకొనే అధికారం ఒకటి. గోవధ, గోమాంసాలపై నిషేధం మరొకటి. నేరాలు అతి తక్కువగా ఉండే ఆ దీవులకు గూండా చట్టం వేరొకటి. ఇద్దరికంటే ఎక్కువమంది పిల్లలున్నవారు పంచాయతీకి పోటీ చేయరాదన్న నిబంధన ఇంకొకటి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అక్కడ ఒక స్త్రీకి సగటున కలిగే సంతానం 1.4 మాత్రమే! బడి పిల్లల మధ్యాహ్న భోజనం నుండి మాంసాన్ని తొలగించారు. జిల్లా పంచాయతీ చేతిలోని విద్య, వైద్యం, మత్స్య, వ్యవసాయ, పశుసంవర్ధక శాఖల అధికారాలను వెనుకకు తీసుకున్నారు.

ఇద్దరు పిల్లల నిబంధన గురించి నిజాయితీగా ఒక మాట చెప్పుకోవాలి. అది లక్షద్వీప్ ముస్లింల కోసమే పుట్టించినది కాదు. మన ఉమ్మడి రాష్ట్రపు 1994 పంచాయతీరాజ్ చట్టంలో అది ఉన్నదే. మన గ్రామాలలో ఎందరో దానివల్ల పోటీకి అనర్హులైనారు. కాని దానిని తెచ్చినది ఒక శాసనసభ. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో దానిని తొలగించినదీ శాసనసభయే. తెచ్చినవారిని నిలదీయవచ్చు, ఓడించవచ్చు, చట్టాన్ని మార్పించవచ్చు. లక్షద్వీప్‌లో ఎవరిని ఓడిస్తారు? అక్కడ శాసనసభ లేదు. రాజ్యసభలో స్థానం లేదు. రాజ్యాంగపు 240వ అధికరణం క్రింద రాష్ట్రపతి, అనగా కేంద్ర ప్రభుత్వం, నిబంధనలు జారీ చేస్తే అవే చట్టాలు. 96 శాతం ఉన్నా, నూటికి 84 మంది ఓటు వేసినా, ప్రజలు ఎన్నుకొన్న చట్టసభ సభ్యుడు మొత్తానికి ఒక్కడే. ఆ ఒక్కడు 543 మందిలో ఒకడు.

2021 మే 31న పాలనాధికారిని వెనుకకు పిలవాలని ఏకగ్రీవంగా తీర్మానించినది కేరళ శాసనసభ. పొరుగువారి సభ వీరి గోడు వినిపించవలసి వచ్చింది. వీరికి సభయే లేదు గనుక. జూన్ 7న దీవులవారు తమ ఇళ్లలోనే పన్నెండు గంటల నిరాహార దీక్ష పాటించారు. మాంసాహారం సంగతి సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2022 మే నెలలో మధ్యంతర ఉత్తర్వు అనుకూలంగా వచ్చింది, 2023 సెప్టెంబరులో ఆ పిటిషన్ కొట్టివేతకు గురైంది.

ఈ పరిస్థితిలో ఆ ఉన్న ఒక్క సభ్యుడు కూడా లేకపోతే? 2023లో అదే జరిగింది.

2009 ఎన్నికల సమయంలో జరిగిన ఒక దాడి కేసులో ఫైజల్‌ను, మరికొందరిని కవరత్తి సెషన్స్ కోర్టు 2023 జనవరి 11న హత్యాయత్నం నేరం క్రింద దోషులుగా ప్రకటించి పదేళ్ల శిక్ష విధించింది. రెండేళ్లు లేక అంతకు మించి శిక్ష పడితే సభ్యత్వం పోతుంది. అప్పీలు పేరిట నిలుపుకొనే వెసులుబాటును 2013లో లిలీ థామస్ కేసులో సుప్రీంకోర్టు కొట్టివేసింది. జనవరి 13న అనర్హత ప్రకటన, 18న ఉపఎన్నిక ప్రకటన. 25న కేరళ హైకోర్టు తీర్పు అమలును నిలిపివేసింది. ఎన్నిక ఆగింది. కాని సభ్యత్వం తిరిగి రాలేదు. మార్చి 29న, సుప్రీంకోర్టులో ఆయన పిటిషన్ విచారణకు రావలసిన రోజున, లోక్‌సభ సచివాలయం పునరుద్ధరణ ప్రకటన వెలువరించింది. హైకోర్టు ఉత్తర్వు వచ్చిన తరువాత రెండు నెలలకు పైగా, అదీ బడ్జెట్ సమావేశాలు నడుస్తుండగా, దీవులకు ఢిల్లీలో గొంతు లేదు. అదే ఏడాది ఆగస్టు 4న రాహుల్ గాంధీ కేసులో సుప్రీంకోర్టు స్టే ఇవ్వగా 7వ తేదీన ఆయన సభ్యత్వం తిరిగి వచ్చింది. మూడు రోజులు! ఈ తేడాకు మతమే కారణమని నేను అనను. చిన్నవాడి తరఫున దేశం అరవదు. అదే కారణమని నా అభిప్రాయం.

అటుపైన ఆగస్టులో సుప్రీంకోర్టు హైకోర్టు ఉత్తర్వును పక్కన పెట్టి మళ్లీ విచారించమన్నది. అక్టోబరు 3న హైకోర్టు నిరాకరించింది, మరునాడే రెండవసారి అనర్హత. 9న సుప్రీంకోర్టు స్టే, నవంబరు 2న మళ్లీ సభ్యత్వం. ఒకే ఏడాదిలో ఒక నియోజకవర్గం రెండుసార్లు అనాథ అయింది.

ఇక్కడ మన తప్పును కూడా దాచరాదు. ఆ కేసుకు మూలం ఏమిటి? ఎన్నికల వేళ ముస్లింలు ముస్లింలపై చేయిచేసుకున్నారన్న ఆరోపణ. నిజానిజాలు న్యాయస్థానాలు తేల్చవలసినవి. కాని పది దీవులలో అందరూ అందరికీ ఏదో వరుస అయ్యేవారే ఉన్నచోట రెండు వర్గాల పట్టుదల అంత దూరం వెళ్లి, పద్నాలుగేళ్ల తరువాత అందరి ప్రాతినిధ్యానికే ఎసరు తెచ్చిందన్నది కాదనలేని విషయం. మన మస్జిద్ కమిటీ ఎన్నికలలో, మునిసిపల్ వార్డులలో కుర్చీలు గాలిలోకి లేచిన రాత్రులు ఈ సభలో ఉన్న పెద్దలకు జ్ఞాపకం ఉండే ఉంటాయి.

2024లో ఆ ఇద్దరే మళ్లీ తలపడ్డారు. ఇద్దరి పార్టీలూ ఢిల్లీలో ఒకే కూటమిలోనివి. హమ్దుల్లా సయీద్ 2,647 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. బీజేపీ మద్దతుతో నిలిచిన మూడవ అభ్యర్థికి వచ్చినవి సుమారు రెండు వందల ఓట్లు. పాలనాధికారి విధానాలపై ప్రజల అభిప్రాయం ఏమిటో అంతకంటే స్పష్టంగా చెప్పలేరు. ఫలితాలు వెలువడిన మరునాడు కూడా పాలనాధికారి ఆ కుర్చీలోనే ఉన్నారు.

ఈ ప్రసంగం గురించి చర్చిస్తుండగా ఒక తమ్ముడు నన్ను అడిగాడు: "అయితే ఓటు వేసి లాభమేమిటి, అన్నా?" అతనికి నేను చెప్పినది ఇది. మనకు ఆ దీవులవారికి లేనివి ఉన్నాయి. మన ఓటు శాసనసభకు వెళుతుంది, మండల పరిషత్తుకు వెళుతుంది, కార్పొరేషన్‌కు వెళుతుంది. నియమం చేసేవాడినీ తీసేవాడినీ మన వీధి చివర పట్టుకోగలం. అంత ఉండి కూడా మనలో ఎందరి ఇళ్లలో కొత్త కోడళ్ల పేర్లు పుట్టింటి జాబితాలోనే మిగిలిపోయాయి? ఇల్లు మారిన అద్దెవారి పేర్లు ఏ బూత్‌లో ఉన్నాయి? పేరు లేనివారికి ఫారం 6, చిరునామా మారినవారికి, అక్షరం తప్పుపడినవారికి ఫారం 8, మరణించినవారి పేరు తొలగింపుకు ఫారం 7. మన పేరును ఎవరైనా ఫారం 7 పెట్టి తొలగింపజేయజూస్తే, విచారణ నోటీసుకు జవాబివ్వవలసినది మనమే.

అండ్రోత్‌లోనో అమీనిలోనో ఒక పెద్ద కుటుంబం ఆ రోజు పడవ ఎక్కి ఉంటే 71 ఓట్ల తేడా తారుమారయ్యేది. ఈ హాలులో ఇప్పుడు అంతకు మూడింతల మంది ఉన్నారు. మన వార్డు ఓటర్ల జాబితా నకళ్లు ద్వారం ప్రక్కన బల్లపై పెట్టించాను, ఫారాలు కూడా ఉన్నాయి. ఇషా నమాజ్‌కు ఇంకా నలభై నిమిషాల వ్యవధి ఉన్నది. చెల్లెళ్లకు బల్ల వేరుగా వేశారు.