ఇంజనీరు సంతకమునకు పూచీ యెవరు?

(సమాజ సభలో గావించిన ప్రసంగపాఠము)



బెంగుళూరు, చెన్నపురి, పూనా, బరంపురము, యానాము - మనవారు తరతరములుగా స్థిరపడిన ఏ యూరిలోనైనను నేడు ఇంజనీరింగు చదివిన బిడ్డలేని బంధువర్గము అరుదు. ఆ చదువు చదువనివారము గూడ ఇల్లు కట్టించునపుడును, వంతెన దాటునపుడును ఆ వృత్తివారినే నమ్ముకొనియున్నాము. కావున ఇంజనీరు వృత్తిని దేశమంతటికిని ఒక్క తీరున క్రమపరచు సంస్థ యేమి చేయవలయునో, అది లేకున్న కలుగు నష్టమేమో, కొలదిగా విన్నవింపగోరుచున్నాము.

వైద్యుని గదిలో గోడపై ఒక నమోదు సంఖ్య కనబడును. ఆ సంఖ్యవెనుక ఒక చట్టము గలదు. నేడు 2019 నాటి శాసనముచే ఏర్పడిన జాతీయ వైద్య కమిషను ఆ వృత్తికి పై యధికారి. న్యాయవాదులకు 1961 నాటి అడ్వొకేట్ల చట్టమును, ఆడిటర్లకు 1949 నాటి చట్టమును, ఆర్కిటెక్టులకు 1972 నాటి చట్టమును గలవు. ఈ వృత్తులన్నిటను పేర్ల పట్టిక యొకటి యుండును. నడవడికి నియమములుండును. తప్పు రుజువైనచో పేరు కొట్టివేయు అధికారముండును. మరి ఇంజనీరు మాట యేమి? 2025 సంవత్సరము వచ్చువరకును పార్లమెంటు అట్టి చట్టము నొక్కదానిని చేసియుండలేదు. ఇంజనీరని బోర్డు కట్టుకొనువాని నాపు జాతీయ పట్టిక లేకపోయెను.

ఇన్ని సంస్థలుండగా ఈ మాట యేల యని కొందరడుగవచ్చును. ఒక్కొక్క సంస్థ పని యేమో చూతము. ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ 1920లో మద్రాసునందు నమోదై, 1935లో రాజపత్రమును పొంది, కలకత్తా ప్రధాన కార్యాలయముగా నెగడిన సంస్థ. కళాశాల ముఖము చూడలేని ఎందరో ఉద్యోగులు దాని ఏ.ఎం.ఐ.ఇ. పరీక్షలవలన పైకి వచ్చిరి. అది విద్వత్సంస్థ. దానియందు చేరుట యిష్టాధీనము, నిర్బంధము కాదు. అఖిలభారత సాంకేతిక విద్యా మండలి 1945లో సలహాసంఘముగా వెలసి, 1987 నాటి చట్టముచే అధికారము పొందినది. అది కళాశాలలను చూచును. నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రెడిటేషన్ చదువుల నాణ్యమును పరీక్షించును. దాని మూలమున 2014లో మన దేశమునకు వాషింగ్టన్ ఒడంబడికలో స్థానము లభించినది. ఇవన్నియు పట్టము చేతికి వచ్చువరకు జరుగు పనులు. పట్టము వచ్చిన పిమ్మట ముప్పది నలువది యేండ్లపాటు ఆ మనిషి వేయు సంతకములను చూచువారెవరు? ప్రశ్న యంతయు నిక్కడనే యున్నది.

నగరపాలక సంస్థలు కొన్ని ఇంజనీర్లకు లైసెన్సు లిచ్చుట నిజమే. కాని ఆ లైసెన్సు ఆ నగరపు ఎల్లలవరకే చెల్లును. ఒక నగరమున దోషియై పేరు పోగొట్టుకొన్నవాడు వేరొక రాష్ట్రమున క్రొత్త బోర్డు కట్టినచో అచటివారికి తెలియు మార్గము లేదు. మంచివానికి గూడ ఇదే చిక్కు. ఒకచోట ఇరువదియేండ్లు పేరు తెచ్చుకొన్నవాడు పొరుగు రాష్ట్రమున మొదటినుండి మొదలిడవలసినవాడే. రాష్ట్రముల సరిహద్దులను దాటి బ్రతుకు మనవంటివారికి ఈ కష్టము ఇతరులకన్న మిన్నగా తెలియును.

ఇది కాగితముల తగవు కాదు. 2014 జూను 28వ తేదీన చెన్నపురి శివారగు మౌలివాక్కములో కట్టుబడిలోనున్న పదునొకండంతస్తుల మేడ వాన కురియుచుండగా కుప్పగూలినది. అరువదియొక్కమంది మడిసిరి. కూలికై వచ్చిన శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల తెలుగువారు వారిలో ననేకులు. ఒరిస్సావారును గలరు. ప్రక్కనున్న జంటమేడ యును సురక్షితము కాదని తేలి, 2016 నవంబరులో దానిని ప్రేలుడు పదార్థములతో నేలమట్టము చేసిరి. అట్టి మేడకు పటము గీచుటకును, మన్ను పరీక్షించుటకును, పని చూచుటకును వేరువేరు చేతులు గలవు. వానిలో ఏ చేయి తప్పినదో విచారించి, ఆ చేతినుండి కలమును తీసికొను వృత్తిసంస్థ యొకటి యుండవలదా? న్యాయస్థానము శిక్షించును, నిజమే. కాని అది పిదపటి మాట. వృత్తిసంస్థ ముందుగా కాచునది.

ఇతరదేశముల అనుభవము నొకటి చెప్పుదుము. కెనడాలో సెయింట్ లారెన్సు నదిపై క్విబెక్కు వంతెన 1907 ఆగస్టు 29వ తేదీన కట్టుచుండగనే కూలి డెబ్బదియైదుగురు పనివారు చనిపోయిరి. వారిలో మోహాక్ జాతికి చెందిన ఇనుపపని కూలీలు ననేకులు. వంతెన బరువును తక్కువగా లెక్కకట్టిరి. ఉక్కు కమ్ములు వంగుచున్నట్లు కొన్నాళ్లుగా కనబడుచునే యున్నను, పని నిలుపుటకు తగిన అధికారముగల ఇంజనీరు ఆ చోట లేడు. పెద్ద ఇంజనీరు న్యూయార్కులో నుండెను. మరల కట్టబోగా 1916లో నడిమి భాగము నదిలో పడి మరి పదుమువ్వురు పోయిరి.

1920 ప్రాంతముల ఆ దేశమున పెక్కు రాష్ట్రములు ఇంజనీర్ల చట్టములను చేసికొన్నవి. లైసెన్సు నిచ్చుటయు, దోషిని విచారించుటయు నేటికిని రాష్ట్రసంఘముల పనియే. లైసెన్సు పొందిన ఇంజనీరు తన పటముపై సంతకముతోపాటు మొహరు వేయవలయును. 1936లో ఏర్పడిన జాతీయసంస్థ ఈ రాష్ట్రసంఘములను కూర్చి, చదువులకు ఒకే కొలతబద్దను నిలిపి, ఒక రాష్ట్రపు ఇంజనీరు మరియొక రాష్ట్రమున పనిచేయుటకు దారి సులభము చేసినది. రాష్ట్రముల హక్కును కాపాడుచునే దేశమునకంతకు ఒక్క ప్రమాణము నిలుపవచ్చునని ఇందువలన తెలియుచున్నది. మన దేశమువంటి దేశమునకు ఇది తగిన మాదిరి యని మా యభిప్రాయము.

మన దేశమునను ఈ యాలోచన లేకపోలేదు. వివిధ ఇంజనీరు సంఘములు కలిసి 2002లో ఇంజనీరింగ్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాను స్థాపించుకొని చట్టము కావలయునని కోరుచు వచ్చినవి. 2025లో వృత్తి ఇంజనీర్ల బిల్లు ముసాయిదా ప్రజాభిప్రాయమునకై వెలువడినది. ఇది సంతోషింపదగిన విషయము.

అయినను రెండు హెచ్చరికలు చేయవలసియున్నది. నమోదు అనునది ధనవంతులకును, పెద్ద కళాశాలల వారికిని మాత్రమే తెరచిన తలుపు కారాదు. డిప్లొమాతో మొదలిడి యేండ్లతరబడి పనిలో రాటుదేలినవారికి పరీక్షద్వారా ప్రవేశముండవలయును. రెండవది, క్రమశిక్షణ సంఘమున ఇంజనీర్లే కూర్చుండి ఇంజనీర్లను విడిచిపుచ్చు పరిస్థితి రాకుండుటకై ప్రజల పక్షమువారికి గూడ చోటుండవలయును. వృత్తి గౌరవమును కాపాడుటకన్న కూలివాని ప్రాణమును కాపాడుటయే అట్టి సంస్థకు తొలి ధర్మము.

చట్టము వచ్చువరకు మనము చేతులు ముడుచుకొని యుండనక్కరలేదు. ఇల్లు కట్టించువారు పటముపై ఎవరు సంతకము చేసిరో, వారి లైసెన్సు చెల్లుబాటులో నున్నదో లేదో అడుగవలయును. మన్ను పరీక్ష జరిగినదో లేదో కాగితము చూడవలయును. అనుమతించిన అంతస్తులపై మరియొక అంతస్తు లేపుదమని మేస్త్రీని బలవంతపెట్టరాదు. ఇంజనీర్లగు మన యువకులు తాము చూడని పనికి, లెక్కకట్టని పటమునకు ఎట్టి యాశకును సంతకము చేయరాదు.

మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి పూర్వులు ఆంధ్రదేశపు మోక్షగుండమునుండి వెడలి మైసూరుసీమలో స్థిరపడినవారు. ఆయన పూనాకడ ఖడక్వాస్లా జలాశయమునకు తనంత తెరచుకొను తలుపు లమర్చిరి. 1908 నాటి మూసీ వరద పిదప హైదరాబాదునకు రక్షణోపాయము చెప్పిరి. మైసూరున కృష్ణరాజసాగరమును తలపెట్టి నడిపించిరి. మూడు సీమలలోను ఆయన సంతకమును జనులు శంకింపలేదు. ఆ నమ్మకము ఆయన వ్యక్తిత్వము వలన కలిగినది. కాని ప్రతి ఇంజనీరును విశ్వేశ్వరయ్య కానేరడు. గొప్పవాడు కాని సామాన్యుని సంతకమును గూడ జనులు నమ్మగలుగునట్లు చేయుటకే చట్టమును, పట్టికయు, వృత్తిసంస్థయు కావలయును.