పట్టా దక్కని శాస్త్రవేత్త అన్నా మణి

(మహిళా ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



తుఫాను హెచ్చరిక అందినప్పుడు రైళ్ళను నిలిపి, వంతెనలపై నిఘా పెంచడం రైల్వే కార్మికులకు తెలిసిన పనే. వాతావరణ కేంద్రాల పరిశీలనలు దశాబ్దాల పాటు తంతి మార్గాననే చేరేవన్న సంగతి తపాలా తంతి శాఖలో పనిచేసిన పెద్దలకు విదితమే. ఆ పరిశీలనలకు ఆధారమైన పరికరాలను స్వదేశంలో తయారు చేయించిన వారిలో అగ్రగణ్యురాలు అన్నా మణి. ఆమె కూడా మనవలెనే కేంద్ర ప్రభుత్వోద్యోగి.

1918లో తిరువాన్కూరు సంస్థానంలోని పీర్‌మేడులో ఆమె జన్మించారు. కుమారులకు ఉద్యోగం, కుమార్తెలకు వివాహం అన్నదే ఆ సంపన్న కుటుంబపు ఆచారం. ఎనిమిదవ పుట్టినరోజున ఇవ్వజూపిన వజ్రపు కమ్మలను కాదని ఆ బాలిక విజ్ఞానసర్వస్వ సంపుటాలను కోరింది. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి, 1940లో బెంగుళూరు చేరి, సి.వి. రామన్ ప్రయోగశాలలో వజ్రాల వర్ణపటాలనే పరిశోధించారు. ఒక్కొక్క ఛాయాఫలకానికి 15, 20 గంటలు వెలుగు సోకాలి. అందుకై ఆమె రాత్రులు సైతం ప్రయోగశాలలోనే గడిపేవారు. ఐదు పరిశోధనా పత్రాలు ప్రకటించి, 1945లో సిద్ధాంత గ్రంథం సమర్పించారు. ఎం.ఎస్‌సి. పట్టా లేదన్న ఒక్క కారణంతో మద్రాసు విశ్వవిద్యాలయం డాక్టరేటు నిరాకరించింది.

ఆమె కుంగిపోలేదు. ఇంగ్లండులో వాతావరణ పరికరాల శాస్త్రం అభ్యసించి, 1948లో స్వతంత్ర భారతానికి తిరిగి వచ్చి, పూనాలోని వాతావరణ శాఖలో చేరారు. నాడు సామాన్య పరికరాలకు సైతం విదేశాలపైనే ఆధారపడేవాళ్ళం. దాదాపు నూరు పరికరాల నమూనా చిత్రాలను ప్రామాణీకరించి, వాటి ఉత్పత్తికి ఆమె పునాది వేశారు. నూరుమందికి పైగా పురుషులు ఆమె క్రింద పనిచేశారు. 1957-58లో సౌరశక్తిని కొలిచే కేంద్రాలను దేశమంతటా నెలకొల్పారు. 1976లో ఉప మహా సంచాలకురాలిగా పదవీ విరమణ చేశారు. 2001లో తిరువనంతపురంలో కన్నుమూశారు. నేటి సౌర, పవన విద్యుత్తుకు ఆమె సేకరించిన గణాంకాలు తొలి ఆధారాలలో ఒకటి.

మిత్రులారా! ఈ చరిత్ర విని చప్పట్లు కొట్టి లేచిపోతే ప్రయోజనం లేదు. అయిదేళ్ళ శ్రమ కంటే లేని ఒక కాగితం ఎక్కువ బరువు తూగింది. అటువంటి తక్కెడ మన కార్యాలయాలలోనూ ఉన్నది. ఒకచోట శాఖాపరమైన పరీక్షలో ఉత్తీర్ణురాలైన సోదరికి, రాత్రి విధులు చేయలేదన్న సాకుతో పదోన్నతి ఆపారు. చేయలేనని ఆమె ఎన్నడు చెప్పిందో చూపమని అడిగాము. జవాబు లేదు. ఆమె కోరినదల్లా తలుపుకు గడియ గల విశ్రాంతి గది ఒక్కటే. ఆ గదికై రెండేళ్ళు పోరాడవలసి వచ్చింది.

ప్రతిభ గల స్త్రీ ఎలాగో నెగ్గుకు వస్తుందని మనం ఊరుకోరాదు. అన్నా మణి ఒంటరిగా నెగ్గారు. మన సోదరీమణులను ఒంటరిగా వదలకుండుటకే సంఘమున్నది. మీమీ శాఖలలో నిలిచిపోయిన మహిళల పదోన్నతుల జాబితాను వచ్చే సమావేశానికి తీసుకురండి. అక్కడి నుండి పని ప్రారంభిద్దాం.