ముఖములను భద్రపఱచిన కళ
(రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము మన కొఱకు మాటలను భద్రపఱచుచున్నది. ఈ శుభదినమున, ముఖములను భద్రపఱచిన యొక మహనీయుని గూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచితిని. ఆయన రాజా దీన్ దయాళ్. పుట్టినది ఉత్తరాదిని, కీర్తి వహించినది మన హైదరాబాదు, సికిందరాబాదులలో.

దీన్ దయాళ్‌గారు 1844లో మీరట్ దగ్గఱి సర్ధనాలో జైన కుటుంబమున జన్మించిరి. రూర్కీలో ఇంజనీరింగు చదివి, 1866లో ఇండోరున మరామతు శాఖలో చేరిరి. కట్టడముల అంచనాలు వేయుట, పటములు గీయుట వారి పని. ముప్పది యేండ్ల ప్రాయమున, 1874 ప్రాంతమున, కెమెరా చేతబట్టిరి. గీతకును కొలతకును అలవాటుపడిన కంటికి వెలుగునీడల లెక్క పట్టుబడుట వింత గాదు. 1882లో సర్ లెపెల్ గ్రిఫిన్‌తో కూడ మధ్యభారతమున సంచరించి ప్రాచీన కట్టడములను చిత్రించిరి.

రాయి కదలదు, మనిషి కదలును. ఆ దినములలో అద్దపు పలకపై మందు పూసి, తడి యారకముందే చిత్రము తీసి, వెంటనే చీకటిగదిలో కడుగవలసి యుండెడిది. పొడి పలకలు వచ్చిన పిమ్మట ఆ శ్రమ కొంత తగ్గినది. పిదప కోడిగ్రుడ్డు తెల్లసొన పూసిన కాగితముపై, సూర్యరశ్మి సాయమున అచ్చు తీసెడివారు. ఇంత తతంగములో ఎదుట కూర్చున్నవారి ముఖము బిగిసిపోక, సహజముగా నిలుచునట్లు చేయుటయే నేర్పు. మనిషిని గౌరవింపనివానికి ఆ నేర్పు అబ్బదు.

వారు 1886లో సికిందరాబాదున స్టూడియో నెలకొల్పిరి. ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారులై, 1894లో ‘ముసవ్విర్ జంగ్’ బిరుదము నందిరి. 1892లో హైదరాబాదున స్త్రీలకు ప్రత్యేకముగా జనానా స్టూడియో తెఱచిరి. ఘోషా స్త్రీలు పరపురుషుని యెదుటకు రారు గనుక, దాని నిర్వహణ కెన్నీ-లెవిక్ అను ఆంగ్ల వనితకు అప్పగించిరి. ఎదుటివారి మర్యాదను కాపాడుచునే వారి రూపమును నిలుపవచ్చునని ఆ ఏర్పాటు చాటినది. ప్రభువులను చిత్రించిన ఆ కెమెరాయే నిజాము రాజ్యమున క్షామనివారణ పనులను గూడ చిత్రించినది.

దీన్ దయాళ్‌గారు 1905లో పరమపదించిరి. వారి 2,857 అద్దపు నెగెటివులను ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము 1989లో సేకరించి భద్రపఱచినది. 2006లో తపాలాశాఖ వారి పేర స్టాంపు వెలువరించినది.

సోదరులారా! ఇచట మన మొక విషయము గమనింపవలెను. ఆ కాలపు ఛాయాచిత్రములలో ప్రభువులకు పేర్లున్నవి. సామాన్యులు చాలవఱకు ‘కూలీ’ యనియో, ‘చాకలి’ యనియో వృత్తి పేరుతోనే మిగిలిరి. వారి కన్నులు నేటికిని మనల చూచుచున్నవి. వారెవరో చెప్పగలవారు లేరు. చిత్రము ముఖమును చూపును గాని పేరును చెప్పజాలదు.

మన గోడలపై నున్న పటముల గతియు నింతే కానున్నది. పెండ్లి పటములో నాయనమ్మ ప్రక్కన నిలిచిన ఆమె ఎవరు? బడి పంతులుగారితో కూర్చున్న పిల్లలెవరు? ఎఱిగిన వృద్ధులు ఒక్కొక్కరే దాటిపోవుచున్నారు. పటములకు చెమ్మయు చెదలును పట్టుచున్నవి. నేడు చేతిలోని ఫోనులో వేలకొలది చిత్రములు తీయుచున్నాము; ఫోను పోయిన వానిలో ఎన్ని మిగులును?

కావున నాదొక విన్నపము. ఇంటికొక పాతపటము చొప్పున గ్రంథాలయమునకు తెండు. నకలు తీసికొని అసలును మీకే తిరిగి యిచ్చునట్లు కార్యవర్గమువారు ఏర్పాటు చేయుదురు గాక. ఇంటి పెద్దలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, పటములోని ప్రతివారి పేరును, ఊరును, ఇంచుమించు సంవత్సరమును ఒక పుస్తకమున వ్రాయింపుడు. పటము వెనుక వ్రాయదలచినచో మెత్తని పెన్సిలుతో వ్రాయుడు. సిరా ముందువైపునకు ఊరును. పాలేరు నుండి పటేలు వఱకు అందఱి పేర్లును ఆ పుస్తకములో ఒకే వరుసన నుండవలెను.

ఈ పని రేపటికి వాయిదా వేయదగినది కాదు.