సముద్రం అంచున ఒక చిన్న రైలు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"జపాన్‌లో ఇన్నేళ్లున్నావు కదా, బుల్లెట్ రైలు గురించి నాలుగు ముక్కలు చెప్పు" అన్నారు మన కార్యదర్శి గారు. దాని గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ఒంటి బోగీతో నడిచే ఒక రైలు గురించి చెప్తాను. ఉద్యోగరీత్యా అక్కడున్న రోజుల్లో మూడుసార్లు దాంట్లో ప్రయాణం చేశాను. దాని పేరు సన్‌రికు రైల్వే.

జపాన్ ఈశాన్య తీరంలో ఇవాతె అనే జిల్లా ఉంది. ఒకవైపు కొండలు, ఒకవైపు సముద్రం, మధ్యలో చేపలు పట్టుకు బతికే ఊళ్లు. 1896లో వచ్చిన సునామీలో ఆ తీరం మీద 22 వేల మంది దాకా చనిపోయారు. 1933లో మళ్లీ వచ్చింది. అలాంటి చోట రైలు కావాలన్నది ఆ జనం పాత కోరిక. ప్రభుత్వ రైల్వే ముక్కలు ముక్కలుగా లైను వేస్తూ వచ్చింది. 1980లో చట్టం మారింది. నష్టాలొచ్చే చిన్న లైన్లు వదిలించుకోవాలన్నారు. మిగిలిన పని ఆగిపోయింది.

అప్పుడు జిల్లా ప్రభుత్వం, ఊళ్ల పురపాలక సంఘాలు, స్థానిక వ్యాపారులు కలిసి సొంతంగా కంపెనీ పెట్టుకున్నారు. మిగిలిన పని పూర్తయి, 1984 ఏప్రిల్ 1న రైలు కదిలింది. ప్రభుత్వ రైల్వే లైన్లను స్థానికులే ఇలా చేతికి తీసుకుని నడపడం జపాన్‌లో అదే మొదటిసారి. ఉత్తరాన మియాకో నుంచి కుజి దాకా 71 కిలోమీటర్లు, దక్షిణాన కమైషి నుంచి సకారి దాకా 36.6 కిలోమీటర్లు. కరెంటు తీగలు లేవు, అంతా డీజిలే. మన కాకినాడ–కోటిపల్లి రైలుబస్సు ఎక్కినవాళ్లకు దాని వాలకం తేలిగ్గా అర్థమవుతుంది. డ్రైవరే టిక్కెట్టు డబ్బుల పెట్టె కూడా చూసుకుంటాడు. పొద్దున బండి నిండా హైస్కూలు పిల్లలు, తర్వాత ఆసుపత్రికి వెళ్లే ముసలమ్మలు.

2011 మార్చి 11న మధ్యాహ్నం 2 గంటల 46 నిమిషాలకు భూకంపం, వెనకే సునామీ. సముద్రం ఊరి మీదికి రావడమంటే ఏమిటో, 1977లో దివిసీమను చూసిన పెద్దలకు నేను చెప్పనక్కర్లేదు. షిమనోకోషి అనే స్టేషను పునాదులతో సహా కొట్టుకుపోయింది. వంతెనలు, కట్టలు, పట్టాలు వందలాది చోట్ల దెబ్బతిన్నాయి. కరెంటు లేదు, ఫోన్లు లేవు. మియాకో స్టేషన్‌లో ఆగివున్న ఒక డీజిల్ బోగీ ఇంజను నడిపితే వెలుతురు, వెచ్చదనం వస్తాయి కాబట్టి దాన్నే ఆఫీసు చేసుకున్నారు. కంపెనీ అధ్యక్షుడు మోచిజుకి మసహికో స్వయంగా వెళ్లి లైను చూసుకుంటూ వచ్చారు. కార్లు కొట్టుకుపోయాయి, ఉన్న కార్లకు పెట్రోలు లేదు, తమవాళ్లను వెతుక్కుంటూ జనం కాలినడకన పోతున్నారు. ఎక్కడ వీలైతే అక్కడ ముందు బండి నడపండి అన్నారాయన.

మార్చి 16న, అంటే అయిదో రోజున, కుజి నుంచి రికుచూ–నోదా దాకా రైలు నడిచింది. దూరం 11 కిలోమీటర్లే. మెల్లగా వెళ్లింది. టిక్కెట్టు అడగలేదు. నెలాఖరుకల్లా ఉత్తరపు లైనులో సగం నడుస్తోంది. మిగతాదానికి మూడేళ్లు పట్టింది. 2014 ఏప్రిల్ 5న దక్షిణపు లైను, మర్నాడు ఉత్తరపు లైను పూర్తిగా తెరిచారు. కొత్త బోగీలు కువైట్ ఇచ్చిన సాయంతో వచ్చాయి. వాటి మీద అరబ్బీలో కూడా కృతజ్ఞతలు రాసుకున్నారు.

2019 మార్చిలో మియాకో–కమైషి మధ్య లైను కూడా వీళ్ల చేతికొచ్చి, మొత్తం 163 కిలోమీటర్లు ఒకే లైనయింది. ఆ సంబరం ఏడు నెలలు కూడా నిలవలేదు. అక్టోబరులో తుపాను వచ్చి కట్టలు కోసుకుపోయాయి. మళ్లీ పనికి దిగారు. 2020 మార్చి 20కి మళ్లీ మొత్తం లైను నడిచింది.

ఇంతా చేసి ఆ రైలుకు లాభాలు లేవు. ఊళ్లలో జనం తగ్గుతున్నారు, బడిపిల్లలు తగ్గుతున్నారు. నష్టాన్ని జిల్లా, పురపాలక సంఘాలు పూడుస్తున్నాయి. సునామీలో పాడైన పట్టాలను ముక్కలుగా కోసి జ్ఞాపికలుగా అమ్మారు. "నష్టాల బిస్కట్లు" అన్న అర్థం వచ్చే పేరుతో అప్పచ్చులు కూడా అమ్ముతారు! నేనూ ఒక పొట్లం కొని, నవ్వుకుంటూనే తిన్నాను. కానీ ఎన్నాళ్లు ఇలా నడపగలరన్నది అక్కడివాళ్లకు నవ్వులాట కాదు.

ఇక మన బడి సంగతి. మా బ్యాచి రోజుల్లో ఒక్కో తరగతికి రెండు సెక్షన్లు ఉండేవి. ఇప్పుడు హాజరు పట్టీ ఎంత చిక్కిపోయిందో మాస్టార్లకు తెలుసు. పిల్లల్లేని బడి ఎందుకని అడిగేవాళ్లు రేపు మన ఊరికీ వస్తారు. ఆ తీరం జనం చేసిన పని ఒక్కటే. ఇది మనది అనుకున్నారు, వాటా వేసుకున్నారు, దెబ్బ తగిలిన వారంలోనే చేతనైనంత మేర నడిపారు. స్వర్ణోత్సవం పేరున పోగైన డబ్బు సంగతి కమిటీ చూస్తుంది. నాదొక విన్నపం. దూరపు పేటల నుంచి నడిచొచ్చే పిల్లలకు ఈ జూన్ నుంచి ఒక ఆటో ఏర్పాటు చేద్దాం. మొదటి ఏడాది ఖర్చు మా బ్యాచి పెట్టుకుంటుంది. రెండో ఏడాదికి ఎవరు ముందుకొస్తారో, భోజనాల దగ్గర మాట్లాడుకుందాం.