మెట్ట పల్లెకు వచ్చిన మహాయుద్ధము

రెండవ ప్రపంచ యుద్ధము జరిగిన ఆరు సంవత్సరములలోను జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతముల మీద ఒక్క బాంబు కూడ పడలేదు. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్నము, కాకినాడలపై దాడి చేసినప్పుడును ఈ మెట్ట సీమకు చేరినది ఆ వార్త మాత్రమే. అయినను యుద్ధము ఇక్కడికి రాకపోలేదు. అది పొయ్యి దగ్గరకు వచ్చినది, దీపము దగ్గరకు వచ్చినది, బట్టల పెట్టె దగ్గరకు వచ్చినది. ఇంటికి కలిగిన ఇబ్బందులను ఒక కథగాను, లోకములో దేశమునకు కలిగిన గౌరవమును మరియొక కథగాను చెప్పుట వాడుక. ఆ రెండును ఒకే పద్దునకు రెండు వైపులని మనవి చేయదలచినాను.

1939 సెప్టెంబరు 3వ తేదీన వైస్రాయి లిన్‌లిత్‌గో ప్రభువు భారతదేశము యుద్ధములో దిగినదని ప్రకటించెను. దేశ ప్రతినిధులను ఆయన సంప్రదించలేదు. అందుకు నిరసనగా ఆ అక్టోబరు చివర మద్రాసులో రాజాజీ మంత్రివర్గము రాజీనామా చేసినది. మొదటి రెండేండ్లు పల్లెలకు యుద్ధము పత్రికలలోని విషయముగానే ఉండెను. 1942 మార్చిలో రంగూను జపానువారి వశమగుటతో పరిస్థితి మారినది. ఏటా బర్మా నుండి మన దేశమునకు వచ్చుచుండిన పది లక్షల టన్నులకు మించిన బియ్యము ఆగిపోయినది. కిరసనాయిలు కూడ చాలవరకు అక్కడిదే. రంగూనులో పొట్టపోసుకొనుచుండిన తెలుగువారు వేలకొలదిగా, అనేకులు కాలినడకను, అడవులు కొండలు దాటి తిరిగివచ్చిరి. దారిలో ప్రాణములు విడిచినవారు ఎందరో!

మెట్టవారు జొన్న తినువారు గదా, బియ్యపు కరవు వారికేమి అని అడుగవచ్చును. అయితే ధర ఒక్క ధాన్యమును పట్టుకొని ఊరుకొనదు. బియ్యము ప్రియమైన కొలది జొన్నకును గిరాకి పెరుగును. గాదెలో గింజ ఉన్న రైతు అప్పు తీర్చుకొనెను. ఆతని పొలములోనే కూలి చేసి, ఆ డబ్బుతో గింజలు కొనుక్కొనువాడు పూట గడుపుకొనలేకపోయెను. యుద్ధము ఊరినంతటిని ఒకే తీరున బాధింపలేదు. పక్కపక్క ఇండ్లలో ఒకదానికి కలిమిని, రెండవదానికి లేమిని తెచ్చినది.

ఆ దినములలో పుట్టిన మాటలు అనేకము నేటికిని మన వాడుకలో ఉన్నవి. కంట్రోలు గుడ్డ, రేషను కార్డు, పర్మిటు – ఇవన్నియు అప్పటివే. పెట్రోలు దొరకక బస్సులు బొగ్గు గ్యాసుతో నడిచినవి. వెండి రూపాయి కనుమరుగై కాగితపు రూపాయి వచ్చినది. లోహము ఆదా చేయుటకు కాణీకి నడుమ చిల్లు పెట్టిరి. 1942 సెప్టెంబరు 1వ తేదీ మొదలు 1945 అక్టోబరు నడుమ వరకు దేశములోని గడియారములన్నియు ఒక గంట ముందునకు జరిగినవి. కోడి కూసిన వేళకు గడియారము మరొక వేళ చెప్పుచుండెను.

ఈ తాలూకాకు మరియొక చిక్కు కలదు. అప్పుడు నైజాం రాజ్యపు సరిహద్దు ఇక్కడనే. నందిగామ సమీపమున పరిటాల నైజామునకు చెందిన దీవివలె ఉండెను. నైజాం నడుమ మునగాల పరగణా కృష్ణా జిల్లాకు చెందిన దీవివలె ఉండెను. అవతల హాలీ సిక్కా, కరోడ్‌గిరి సుంకము. ఇవతల మద్రాసు ప్రభుత్వపు ధాన్య నిబంధనలు. ఒకే భాష, ఒకే బంధువర్గము గల పల్లెల మధ్య బస్తా జొన్నలు కదలుటయు ప్రభుత్వముల వ్యవహారమైనది.

ఇక ధరలు అంతగా ఎందుకు పెరిగినవి? లోటు ఒక కారణము. రెండవ కారణము లెక్కల పుస్తకములో ఉన్నది. బ్రిటిషు ప్రభుత్వము యుద్ధమునకై ఇక్కడ గుడ్డ, ధాన్యము, తోలు, ఉక్కు కొనుచుండెను. ఆ మూల్యము పౌన్లలో లండనులో మన పేర జమ అగుచుండెను. దానిని ఆధారము చేసికొని రిజర్వు బ్యాంకు ఇక్కడ రూపాయి నోట్లు అచ్చు వేసినది. 1939లో సుమారు 180 కోట్ల రూపాయలుగా ఉండిన నోట్లు యుద్ధాంతమునకు 1,100 కోట్లు మించినవి. నోట్లు పెరిగినవి, సరకు తరిగినది. అమ్మకు దొరకని చీర, దీపమునకు చాలని కిరసనాయిలు, కూలివానికి అందని గింజ – వీని విలువయే లండనులో జమ అయినది.

ఆ జమ నూరు కోట్ల పౌన్లు దాటినది. 1939లో ఇంగ్లండునకు బాకీదారుగా ఉన్న దేశము 1945 నాటికి ఇంగ్లండునకే ఋణదాత అయినది! సుమారు రెండు లక్షల సైన్యము ఇరువది అయిదు లక్షలకు పెరిగినది. 1944లో బ్రెటన్ వుడ్స్ ఆర్థిక సభలో మనకు స్థానము లభించినది. 1945 జూన్ 26వ తేదీన శాన్ ఫ్రాన్సిస్కోలో ఐక్యరాజ్య సమితి శాసనపత్రముపై భారతదేశము పక్షమున రామస్వామి మొదలియారు సంతకము చేసెను. స్వాతంత్ర్యమునకు రెండేండ్ల ముందే ఆ సంతకము! ఆ ప్రతినిధులు ప్రజలు ఎన్నుకొన్నవారు కారని అదే నగరములో విజయలక్ష్మీ పండిట్ చాటెను. మరుసటి ఏట సమితిలో మన ప్రతినిధి వర్గమునకు ఆమెయే నాయకురాలై, దక్షిణాఫ్రికాలోని భారతీయుల కష్టములను లోకము ముందు పెట్టెను.

ఈ గౌరవమునకు వెల ఎవరు చెల్లించిరో మరువరాదు. 1943లో వంగదేశమున కరవుచేత ఇంచుమించు ముప్పది లక్షలమంది మరణించిరి. లండను ఖాతాలో జమ పెరుగుచున్న సంవత్సరమే అది. ఆ ధనము తరువాత స్వతంత్ర భారతమునకు తిండిగింజలు, యంత్రములు కొనుటకు ఉపకరించినది. 1950వ దశకము ముగియునాటికి చాలవరకు వ్యయమైనది. అయితే ఏ ఇంటి నుండి తీసికొనిరో ఆ ఇంటికి అది తిరిగి చేరలేదు.

సరిహద్దు చెరిగిపోయినది. 1948 సెప్టెంబరులో బెజవాడ నుండి బయలుదేరిన భారత సేన ఈ బాటనే నైజాములో ప్రవేశించినది. మునగాల 1959లో నల్లగొండ జిల్లాలో చేరినది. మన తాలూకా 2022లో ఎన్టీఆర్ జిల్లాలో భాగమైనది. ఇంట మిగిలినది రేషను కార్డు. అది లోటును పంచుటకై పుట్టినది. 2013 ఆహార భద్రతా చట్టముతో హక్కునకు గుర్తు అయినది. ఈ మారు దానిని పెట్టెలో నుండి తీయునప్పుడు, అది మన పెద్దలు పస్తులుండి సంపాదించిన కాగితమని పిల్లలకు చెప్పవలెను.